మస్తాను దువా

మా ప్రయాణం 1990 సెప్టెంబరు ఎనిమిదో తేదీ, శనివారం, తెల్లవారి అయిదూ నలభైకి మొదలైంది. బస్సు కదిలిన సమయం అది. అయితే ఆ ప్రయాణానికి కారణం ఆగస్టు రెండో తేదీ, గురువారం, తెల్లవారుజాము నాలుగున్నరకే మొదలైంది. పాలు పొయ్యిమీద పెట్టి నిలబడ్డాను. కువైట్ మీదికి వచ్చిన ఇరాక్ సైన్యం హెలికాప్టర్ల చప్పుడుకు మేడ మీదికి పోయి చూసి వచ్చేలోగా పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. కువైట్‌లో పనిచేసిన పన్నెండేళ్ళలో నేను పాలు పొంగించింది ఆ ఒక్కరోజే.

మా రాయచోటిలో కువైట్‌ పోయి వచ్చినవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. అందరూ విమానంలో పోయి విమానంలో వచ్చినవాళ్ళే. కిందనున్న దారి ఎట్లా ఉంటుందని వాళ్ళను అడిగితే మేఘాలున్నాయంటారు. ఆ దారి నేలమీద చూసినదాన్ని గనక రాస్తున్నాను.

ఖైతాన్

నేను పనిచేసిన ఇంటి పెద్దాయనను అందరూ అబూ మర్యం అనేవారు, మర్యం తండ్రి అని. పెద్దబిడ్డ పేరుతో తండ్రిని పిలవడం అక్కడి మర్యాద. నేను బాబా అనేదాన్ని. ఇంటావిడను మామా అనేదాన్ని. ఆమె పోయి అప్పటికి రెండేళ్ళు. బాబాకు డెబ్బై రెండు. పాత బజారులో ఆయనకు బొచ్చుతోళ్ళ దుకాణం ఉండేది. ఎడారి చలికి మగవాళ్ళు తొడుక్కునే ఫర్వాలు, అంటే లోపల గొర్రెపిల్ల తోలు వేసి కుట్టిన నిలువు అంగీలు, పెద్దింటి ఆడవాళ్ళకు నక్కతోలు కోట్లు అమ్మేవాడు. దాంతోపాటు కువైట్ పట్నంలో ఖైతాన్ పక్కన మా పేటకు ముఖ్తార్ కూడా. ఎవరు ఏ ఇంట్లో ఉంటున్నారు, ఎవరికి ఎందరు పిల్లలు అని ధ్రువీకరించి ముద్ర వేసే సర్కారు పని అది. మనకు ఒకప్పుడు ఊరికి మునసబు ఉండేవాడు గదా, ఆ తీరు.

దుకాణంలో దర్జీ మస్తాను. మా రాయచోటి మనిషే, దూదేకులాయన. 1959లో బొంబాయి నుంచి స్టీమరులో వచ్చాడు. చలికాలానికి ముందు రెండు నెలలు నేను కూడా మధ్యాహ్నాలు దుకాణంలో తెర వెనక కూర్చుని అంగీలకు లోపలి గుడ్డ కుట్టేదాన్ని. మస్తాను ప్రతి అంగీకి మొదటి కుట్టు వేసేముందు తల వంచి గొంతులోనే ఒక మాట గొణిగేవాడు. అది వినబడగానే తెర అవతల బాబా నోరు మూసుకునేవాడు. బేరం మధ్యలో ఉన్నా సరే, కొనవచ్చినవాళ్ళను చెయ్యెత్తి ఆపి, "ఉండండి, మా దర్జీ దువా చేస్తున్నాడు" అనేవాడు. దువా అంటే ప్రార్థన. మస్తాను చేసేది ప్రార్థన కాదని నాకు తెలుసు. ఆ మాటేమిటో బస్సు దగ్గర చెబుతాను.

ఆ జూలైలో మస్తాను గుండె ఆగి పోయాడు. అక్కడే మట్టి చేశారు. ఆయన పాస్‌పోర్టు రద్దు చేయించాల్సి ఉంది. అది ఇంకా బాబా ఇనప్పెట్టెలోనే ఉంది, నాది కూడా. మనకు పూచీపడి పిలిపించుకున్న యజమానిని అక్కడ కఫీల్ అంటారు. పనివాళ్ళ పాస్‌పోర్టులు కఫీల్ పెట్టెలో ఉండటం అక్కడ అందరూ చేసేదే. నాది నా చేతికి వచ్చేది సెలవుమీద ఊరికి పోయేటప్పుడే.

ఆగస్టు నెలాఖరున ఇరాకీ అధికారులు పేట లెక్కల పుస్తకాలు అడగడానికి వచ్చారు. ఎవరి కొడుకు పోలీసో, ఎవరి అల్లుడు సైన్యంలో ఉన్నాడో వాటిలో ఉంటుంది. బాబా వాటిని ముందురోజే రొట్టెల పొయ్యిలో వేశాడు. పొయ్యి అంటించింది నేనే. "పోయాయి" అన్నాడు వాళ్ళతో. పదిరోజుల్లో వెతికి ఇవ్వమని, లేకపోతే ఆయన్నే తీసుకుపోతామని చెప్పి వెళ్ళారు. అట్లా తీసుకుపోయిన పక్క పేట ముఖ్తార్ తిరిగి రాలేదు. సౌదీ దారిలో ముఖ్తార్ల పేర్లు పట్టుకుని వెతుకుతున్నారని కబురు. కూతురు మర్యం జోర్డాన్ దేశంలో అమ్మాన్‌లో కాపురముంది. అమ్మాన్ వైపు పోయేవి ఇండియా కూలీల బస్సులు.

గడువుకు మూడు రోజులుందనగా బాబా ఇనప్పెట్టె తీశాడు. నా పాస్‌పోర్టు నాకిచ్చి, మస్తానుది చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. మా ఇద్దరికీ నడిచే భాష హిందీ; బాబాది బొంబాయి హిందీ.

"ఉబులమ్మా, నేను ఇతనిలాగా ఉంటానా?" నా పేరు ఓబులమ్మ. అరబ్బుల నోట్లో ఓ పలకదు.

"ఉండరు. మస్తాను పొట్టి."

"కూర్చుంటే?"

గడ్డం, కళ్ళజోడు, అరవై దాటిన మొహం. "కూర్చుంటే పరవాలేదు" అన్నాను.

బస్సు ఛార్జీ మనిషికి ముప్పై దినార్లు. సద్దికి నేను బొరుగులు, శెనక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ, ఇరవై రొట్టెలు కట్టాను. బాబా తీసుకున్నది ఒక్కటే, మస్తాను కువైట్ వచ్చిన ఏడాది కుట్టిన మొదటి ఫర్వా. నలభై అయిదు డిగ్రీల ఎండలు కాసే నెలలో దాన్ని చంకన పెట్టుకుని బస్సెక్కాడు. ఎక్కి, చెయ్యి గుండెమీద పెట్టుకుని, ప్రయాణం మంచిగా జరగాలని, తనకు తెలిసిన ఒకే ఒక తెలుగు ప్రార్థన పైకి చదివాడు.

"ఈ ముసిలూనికి ఎంత కుత్తినా సాల్దు."

ముందు సీట్లలో మావాళ్ళందరూ వెనక్కి తిరిగారు. మస్తాను ముప్పై ఒక్క ఏళ్ళు మొదటి కుట్టుకు ముందు గొణిగిన మాట అదే, ఈ ముసిలోనికి ఎంత కుట్టినా సాల్దని. ముసిలోడంటే బాబానే. మొదటిసారి అనేనాటికి ఆయనకు నలభై ఒకటే.

"ఏం ప్పా, ఏమంటాండాడు ఈ పెద్దాయన?" అన్నాడు మా దిక్కు మనిషి ఒకాయన.

"దువా చేసుకుంటాండాడు. నువ్వు ముందుకు తిరుగు" అన్నాను.

నా వెనక సీట్లో జగిత్యాల మనిషి ఒకతను ఉన్నాడు. పేరు గంగరాజం. మంగఫ్‌లో లేబర్ క్యాంపు. అతను ముందుకు వంగి నా చెవి దగ్గర అన్నాడు. "అక్కా, గీయన మనోడు గాదు."

"మస్తాను. మా ఊరే."

"మీ ఊరోడైతే నాలుక గట్లెందుకు తిరుగుతది? కఫీలా?"

నేను సద్దిమూట కాళ్ళ కిందికి తోసుకున్నాను.

"మా కఫీల్ మా పాస్‌పోర్టులన్ని సంచిల ఏస్కొని సౌదీకి ఉరికిండు. మేం ఎంబసీ కాయితం మీద పోతున్నం. ఇప్పుడు ఓ కఫీల్‌ను మా బస్సుల ఎక్కిచ్చుకొని మేమే దాయాల్నా?"

"గేటుకాడ ఒక్క మాట సెప్తే దించేస్తారు. ఈయన్ను కాలుస్తారు. సెప్తావా?"

"చెప్ప. గని నేను అడిగినయన్నిటికి జవాబు చెప్పాలె గీ సేటు" అన్నాడు గంగరాజం. ఊరు దాటేసరికి బస్సులో అందరికీ తెలిసిపోయింది, మస్తాను దువా కథతో సహా. పైకి ఎవరూ అనలేదు.

ముత్లా గుట్ట

కువైట్‌లో గుట్ట అనదగ్గది ఇదొక్కటే. మా పాలకొండల ముందు పెడితే ఆటకు కట్టిన మట్టికట్టలా ఉంటుంది. బస్సు అక్కడ రెండు గంటలు ఆగింది. నీడలో కూర్చుని గంగరాజం తన జగిత్యాల యాస హిందీలో విచారణ మొదలుపెట్టాడు.

"సేట్, ఇంత వేడి దేశంలో ఈ బొచ్చు వ్యాపారం ఎవడు పెట్టమన్నాడు?"

"జనవరిలో ఈ గుట్టమీద ఒక రాత్రి పడుకుంటే నువ్వే పెడతావు" అన్నాడు బాబా.

ఆయన ఈ దారిన మొదటిసారి వచ్చింది పద్నాలుగో ఏట, తండ్రి వెంట. ఇరాక్‌లో జుబైర్ ఊరికి గొర్రెపిల్లల తోళ్ళు కొనడానికి. తండ్రి తోలు చేతిలో పెట్టి, దానిమీద ఊదమనేవాడట. ఊదితే పైబొచ్చు విడిపోయి అడుగుది కనబడుతుంది. జబ్బుతో చచ్చిన గొర్రెదైతే అడుగు పలచగా ఉంటుంది. రంగు వేసిన తోలైతే వేళ్ళ దగ్గర తెల్లగా దొరికిపోతుంది. ఆ ఏడాదంతా ఊది ఊది పెదవులు పగిలిపోయాయట. ఈ మాట చెబుతూ ఆయన తన ఫర్వా అంచు తిప్పి ఊది చూపించాడు. గంగరాజం కూడా ఊదాడు.

"నాకేం కనబడలే."

"పద్నాలుగేళ్ళప్పుడు నాకూ కనబడలేదు."

బస్రా

ఈ ఊరు చేరేసరికి నా చెప్పు తెగింది. కుట్టేవాడి కోసం వెతుకుతూ నది ఒడ్డుదాకా పోయాను. నీళ్ళు మన కాలువనీళ్ళలా ఎర్రగా, చల్లగా ఉన్నాయి. కిలో ఖర్జూరం కువైట్‌లో మేము కొనే ధరలో సగం. టీ మాత్రం వేలెడు గాజుగ్లాసులో పోసి, అడుగున చక్కెర కలపకుండా వదిలేస్తారు. మొదటి గుక్క చేదు, చివరిది పాకం. అది పద్ధతని తెలియక నేను చక్కెర కరగలేదని తిరిగి ఇచ్చేశాను. టీ పోసేవాడు నన్ను జాలిగా చూసి చెంచాతో కలిపి ఇచ్చాడు.

నీళ్ళ ట్యాంకు దగ్గర వరస కట్టారు. బాబా నేరుగా ముందుకు పోయి నిలబడ్డాడు. ఎవరూ ఏమీ అనకపోతే అట్లాగే పట్టుకునేవాడు.

"మస్తాన్ బాయీ" అని అరిచాడు గంగరాజం, "లైన్ల నిలవడుడు ఎవలు నేర్పలేదా నీకు?"

నిజంగానే ఎవరూ నేర్పలేదు. ఆయన కూర్చుంటే జనమే వచ్చి వరసలో నిలబడేవాళ్ళు. వెనక్కి వచ్చి నా పక్కన నిలబడి, "ఇంతసేపు నిలబడి ఏం ఆలోచిస్తారు?" అని అడిగాడు. ముందున్న మనిషి ఎప్పుడు కదులుతాడా అని ఆలోచిస్తామన్నాను.

ఆ సాయంత్రం బస్సులో మిగిలిన కథ చెప్పాడు. పదహారో ఏట బొంబాయిలో బొచ్చుకోట్ల దుకాణంలో పనికి చేరాడు. సిమ్లా పోయే దొరసానులకు కోట్లు అమ్మాడు. హిందీ, పాన్ నమలడం, ఇంగ్లీషు అంకెలు అక్కడే వచ్చాయి. పెద్ద యుద్ధం రోజుల్లో కువైట్‌కు తిరిగి వస్తే తెల్లదొరల ఏజెన్సీ ఆఫీసులో గుమాస్తాగా పెట్టుకున్నారు. బియ్యానికి, చక్కెరకు రేషను కార్డులు రాసే పని. ఎడారి తెగల్లో ఎవరు ఎవరి మనవడో ఆయనకు తెలుసు, తోళ్ళు కొంటూ తిరిగినవాడు గనక. ఒకే బల్లమీద కార్డు రాసేవాడు, తోలు తూచేవాడు. అప్పుడు అక్కడ చెలామణి మన రూపాయలే.

"కార్డు రాసేటోని దగ్గర బేరమాడెటోడు ఉంటడా?" అన్నాడు గంగరాజం.

బాబా ఒళ్ళోని ఫర్వా బొచ్చు నిమిరాడు. "ఉండడు. తోళ్ళు ఆ ఆరేళ్ళలో దొరికినంత చవగ్గా మళ్ళీ ఎప్పుడూ దొరకలేదు" అన్నాడు. దొరలు పోయాక, సర్కారు ఎవరిదైనా, ముద్ర ఆయన చేతిలోనే ఉండిపోయింది. బల్ల కూడా అదే.

బాగ్దాద్

పదో తేదీ, సోమవారం. బస్సు పట్టణం అంచున ఆగింది. చెట్టు కింద నిప్పులమీద చేపను నిలువుగా చీల్చి కాలుస్తున్నారు. మేము చేపను పులుసు చేస్తే ముప్పావు గంట. వీళ్ళది రెండు గంటలు. బస్సు పోతుందేమోనన్న భయంతో సగం కాలినదే తిన్నాం.

రోడ్డువారన కువైట్ సరుకు కుప్పలు పోసి అమ్ముతున్నారు. ఫ్యాన్లు, బడిపిల్లల కుర్చీలు, ఎవరింటివో తలుపు గడియలు. ఒక గుడ్డమీద ఫర్వాలు. బాబా అక్కడ ఆగిపోయాడు. ఒకటి తీసి కుట్టు చూసి నాకు చూపించాడు. చివర ముడి రెండుసార్లు వేసి ఉంది. మస్తాను తప్ప ఎవరూ అట్లా వేయరు. అది మా దుకాణంలోది.

"ఎంత?" అన్నాడు.

"పదిహేను దినార్లు" అన్నాడు అమ్మేవాడు.

బాబా మొహం ఎర్రబడింది. "పదిహేనా? ఇది తొంభైకి తగ్గదు. నీకు సిగ్గులేదా, ఇంత చవగ్గా అమ్మడానికి?"

అమ్మేవాడు బిత్తరపోయాడు. కొనేవాడు ధర పెంచడం అతను చూసి ఉండడు. నేను బాబా జబ్బ పట్టుకుని బస్సు దాకా లాక్కొచ్చాను. పన్నెండేళ్ళలో నేను ఆయన ఒంటిమీద చెయ్యి వేసింది అప్పుడే.

"దొంగసొత్తమ్మేటోడు గూడ నీకు ఖరీదు అప్పజెప్పాల్నా, సేటూ?" అన్నాడు గంగరాజం. ఆ పూట తన రొట్టెలో సగం బాబాకు ఇచ్చాడు. ఇస్తున్నట్టు కాకుండా, సీటుమీద పెట్టి మొహం తిప్పుకున్నాడు.

తరెబీల్ గేటు

పదకొండు, మంగళవారం, పగలు పదకొండు గంటలు. ఇరాక్ ఇక్కడితో అయిపోతుంది. రేకుల కప్పు కింద బల్ల, బల్ల వెనక ముప్పై ఏళ్ళ అధికారి. మర్యాద తెలిసినవాడే, ఆడవాళ్ళను నీడలోకి రమ్మన్నాడు. ఈ బల్ల దాటితే బాబా కూతురి దగ్గరికి చేరినట్టు.

మస్తాను పాస్‌పోర్టు తీసి ఫొటో మీద చూపు ఆపలేదు. వృత్తి దగ్గర ఆపాడు.

"ఖయ్యాత్?" అన్నాడు. దర్జీవా అని.

ఎత్తు తెలియకుండా బల్ల ముందు నేలమీదే కూర్చున్న బాబా తల ఊపాడు.

అధికారి మొహం వెలిగింది. సిపాయిని పిలిచి ఒక సంచి తెప్పించాడు. అందులో ఆడవాళ్ళ బొచ్చుకోటు. తనకు పెళ్ళయి నాలుగు నెలలైందని, బాగ్దాద్‌లో భార్యకోసం కొన్నానని, చేతులు పొడుగయ్యాయని, కొంచెం తగ్గించి పెట్టమని చెప్పాడు. "మింక్" అన్నాడు మురిపెంగా. మింక్ అంటే ముంగిస లాంటి జంతువు. ఆ తోలు కోటు ఖరీదుకు రాయచోటిలో ఇల్లు వస్తుంది.

బాబా కోటు అందుకున్నాడు. నేను గిల్లేలోగానే వెలుతురు వైపు తిరిగి ఊదాడు.

"మింక్ కాదు. కుందేలు. రంగు వేశారు."

డెబ్బై రెండేళ్ళలో ఆయన తోలు విషయంలో అబద్ధం చెప్పినవాడు కాదు. ఆ రోజు చెబితే ఏం పోయేదో నాకు ఇప్పటికీ తెలియదు.

అధికారి లేచి నిలబడ్డాడు. "నువ్వు దర్జీవా, వ్యాపారివా?"

"దర్జీనే. ముప్పై ఏళ్ళు ఇవే కుట్టాను" అన్నాడు బాబా, మస్తాను మాట్లాడే విరుపుల అరబ్బీలో.

"అయితే కుట్టు. నా ముందు కుట్టు."

నా సంచిలోంచి సూది, దారం, మస్తాను పోయాక నా దగ్గరే ఉండిపోయిన ఆయన ఇత్తడి వేలితొడుగు తీసి ఇచ్చాను. బాబా తొడుగును బొటనవేలికి పెట్టుకున్నాడు. సూదిని కలం పట్టుకున్నట్టు మూడు వేళ్ళతో పట్టుకున్నాడు. జీవితంలో ఆయన సూది పట్టుకోవడం అదే మొదలు. అధికారి చూపు ఆ వేళ్ళమీదే ఉంది. సిపాయి ఒక అడుగు దగ్గరికి వచ్చాడు.

బాబా తల వంచాడు. కళ్ళు మూసుకున్నాడు. నిజంగా దేవుణ్ణి తలచుకుంటూ, మస్తాను దువా చదివాడు.

"ఈ ముసిలూనికి ఎంత కుత్తినా సాల్దు."

మా వెనక గంగరాజం ఆపుకోలేక నవ్వేశాడు. ఆ వెనక మా దిక్కు మనిషి, ఆపైన వరసంతా. మా పని అయిపోయిందనుకున్నాను.

"ఏమన్నాడు?" అధికారి గంగరాజాన్ని అడిగాడు.

గంగరాజం బాబాను చూశాడు. నన్ను చూశాడు. నవ్వు పోయింది. అప్పుడతను ఏం చెప్పినా చెల్లేది. తనకొచ్చిన కూలీ అరబ్బీలో, చేతులు తిప్పుతూ చెప్పాడు. "వీళ్ళ కఫీల్ మీద మాట, సారూ. కువైటీ కఫీల్. ఈ ముసలోడికి ఎంత కుట్టినా చాలదు అంటున్నాడు. మొదటి కుట్టుకు ముందు రోజూ అనేదే. ముప్పై ఏళ్ళ సంది."

ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ మాటకు అర్థం బాబా వినడం అదే మొదటిసారి. సూది ఆయన వేళ్ళ మధ్య నిలిచిపోయింది.

అధికారి కూర్చున్నాడు. మీసాల్లోంచి నవ్వు వస్తోంది. "కఫీల్ ముందే అనేవాడివా?"

బాబా చాలా నెమ్మదిగా జవాబిచ్చాడు. "ముందే. ఆయన దాన్ని దువా అనుకునేవాడు. బేరం ఆపి నిలబడేవాడు."

అధికారి బల్ల గుద్ది నవ్వాడు. సిపాయిలను పిలిచి వాళ్ళకు కూడా చెప్పాడు. నేను అదే అదనుగా కోటు లాక్కుని, "వాడికి ఇప్పుడు కండ్లు ఆనవు, గుర్తులు మాత్రం పెడతాడు, కుట్టేది నేను" అన్నాను. బాబా బొటనగోటితో గీత పెట్టాడు. నేను రెండంగుళాలు లోపలికి మడిచి రెండు చేతులూ కుట్టాను.

"ఒంకర పోతాంది మే, సూస్కో" అన్నాడు మా దిక్కు మనిషి, అచ్చం మస్తాను అన్నట్టే.

నలభై నిమిషాలు పట్టింది. అధికారి కుట్టు చూసుకుని, ముద్ర చేతిలోకి తీసుకుని, గొంతు తగ్గించి బాబాను అడిగాడు. "కుందేలైనా వెచ్చగా ఉంటుందా?"

"పదేళ్ళు ఉంటుంది. వానలో తడపొద్దని చెప్పు ఆమెకు."

"ఖలాస్. యల్లా" అన్నాడు, అయిపోయింది, పొమ్మని. ముద్ర పడింది. పోతుంటే బస్సుకు నాలుగు పుచ్చకాయలు ఇప్పించాడు.

రువైషిద్

జోర్డాన్ ఎడారిలో గుడారాల్లో మూడు రోజులున్నాం. నీళ్ళకు వరస, రొట్టెకు వరస, మరుగుకు వరస. బాబా మూడింటిలోనూ తన వంతుకే నిలబడ్డాడు. పగలు ఎండ, తెల్లారుజామున చలి. ఆ ఒక్క ఫర్వాను నలుగురం కాళ్ళమీద కప్పుకున్నాం. గంగరాజం కాళ్ళు కూడా దాని కిందే. రెండోరోజు పొద్దున టీ తాగుతూ బాబా నన్ను అడిగాడు.

"రోజూనా?"

"కొత్త అంగీ మొదలుపెట్టినప్పుడల్లా."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎందుకు చెప్పలేదు?"

"దుకాణంలో మీరు నోరు మూసుకునేది ఆ ఒక్క నిమిషమే. మా ఇద్దరికీ అది బాగుండేది."

ఆయన నవ్వలేదు. "నామీద అంత కోపమా అతనికి?"

నాకు ఉన్న మాట చెప్పడమే వచ్చు. "అతని తల్లి చచ్చిపోయినప్పుడు చలికాలం. పని ఎక్కువని మీరు పాస్‌పోర్టు ఇవ్వలేదు. రెండు నెలలు ఆగమన్నారు. ఆ ఏడాది ఆ మాట గట్టిగానే అనేవాడు. తర్వాత అలవాటైపోయింది. అది అనుకుంటే గాని చెయ్యి కదలదని నాతో అన్నాడు. చెయ్యి కదిలాక మాత్రం తప్పుకుట్టు వేసినవాడు కాదు."

బాబా టీ గ్లాసు కింద పెట్టాడు. అడుగున చక్కెర అట్లాగే ఉంది.

అమ్మాన్

పదిహేనో తేదీ, శనివారం. మర్యం కారులో వచ్చి, తండ్రి తలను పొట్టకు అదుముకుని నడిరోడ్డుమీద నిలబడింది. ఆయన కూర్చునే ఉన్నాడు. మస్తాను ఎత్తుకు అలవాటు పడి లేవడం మరిచిపోయాడని గంగరాజం అన్నాడు.

గంగరాజం ఆయనకు చెయ్యి కలపలేదు. "సేటూ, మళ్ళ కువైట్ పోతె, ఎవలి పాస్‌పోర్టు ఆళ్ళ చేతిల పెట్టు" అన్నాడు.

"పెడతాను" అన్నాడు బాబా. అప్పుడు గంగరాజం చెయ్యి చాపాడు.

బాబా నాకు రెండు ఇచ్చాడు, మస్తాను పాస్‌పోర్టు, మొదటి ఫర్వా. అవి రాయచోటిలో మస్తాను భార్యకు ఇమ్మన్నాడు. వేలితొడుగు మాత్రం ఇవ్వలేదు. "ఇది నా దగ్గర ఉండనీ, అడిగి చెప్పు ఆమెను" అన్నాడు. తర్వాత అడిగాడు. "హిందీలో కాఫీ అంటాం, బస్ అంటాం గదా, ఇక సరిపోయింది అనడానికి మీ తెలుగు మాట ఏది?"

"సాలు."

"సాల్దు. సాలు." రెండూ పలికి చూసుకున్నాడు. "ఇంత దగ్గర దగ్గరగా ఉన్నాయా?" అన్నాడు. కాసేపాగి, "ఆమెకు చెప్పు. ముసిలూనికి సాలు అన్నాడని" అన్నాడు.

రాయచోటి

బొంబాయికి విమానం, కడపకు రైలు, అక్కణ్ణుంచి బస్సు. పంతొమ్మిదో తేదీ, బుధవారం, మధ్యాహ్నం మూడింటికి దిగి, ఇంటికి పోకుండా నేరుగా మస్తాను ఇంటికి పోయాను. ఆయన భార్య బీబమ్మ వడ్లు చెరుగుతోంది. ఫర్వా ఒళ్ళో పెట్టాను. మా ఊరి ఎండలో ఆ బొచ్చు చూసి పిల్లలు మూగారు. ఆమె లోపలి గుడ్డ తిప్పి, కుట్టు వెంబడి వేలు నడిపించి, చివర ఆగింది.

"రెండు ముళ్ళు" అంది. "ఆయనదే."

వేలితొడుగు సంగతి చెప్పాను. ఉంచుకోనీ అంది. సేటు చెప్పిన మాట చెప్పాను.

"సాలన్న్యాడా?"

"అన్న్యాడు."

"ముందే అనింటే ఇంటికి వొచ్చుండేవోడు కదమ్మా" అంది. అని చాట పక్కన పెట్టి, లోపలికి పోయి నాకు మజ్జిగ తెచ్చింది.

ఇక పోయినవి. నావి: కువైట్‌లో వదిలేసిన ఒక ఇనప ట్రంకు, అందులో పదకొండు చీరలు, ఒక రేడియో, ఒక ప్రెషర్ కుక్కర్, ఒక స్టీలు క్యారియరు; బస్రాలో తెగిన ఒక జత చెప్పులు, కుట్టించాక కూడా నిలవలేదు. బాబావి: దుకాణం, దానిలోని కోట్లు, ఫర్వాలు మొత్తం; మరుసటి ఏడు ఆయన తిరిగి పోయి చూస్తే తెర ఒక్కటే మిగిలిందని మర్యం రాసింది. ముఖ్తార్ పుస్తకాలు, మేమే కాల్చినవి. గంగరాజానిది: ఒక పాస్‌పోర్టు. బీబమ్మది: ఒక మనిషి, జూలైలోనే. అధికారిది: ఒక మింక్ కోటు.

బాబాదే మరొకటి, ఒక దువా. ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన దగ్గరుండి, తరెబీల్ గేటు దగ్గర పోయింది.